ఆర్కిటెక్ట్ అనే పేరు: చదువు, నమోదు, బాధ్యత

మన దేశంలో సొంత స్థలంలో ఇల్లు కట్టుకొనదలచిన వ్యక్తి దాని నక్షాను ఎవరి చేతనైనా గీయించుకొనవచ్చు. మేస్త్రి గీయవచ్చు, డ్రాఫ్ట్స్‌మన్ గీయవచ్చు, సివిల్ ఇంజనీరు గీయవచ్చు. పురపాలక సంఘం అనుమతి అవసరమైన చోట ఆ నక్షాపై ఎవరు సంతకం చేయాలన్నది స్థానిక నిబంధనలను అనుసరించి ఉంటుంది. కాని గీసిన వ్యక్తి తన పేరు కింద 'ఆర్కిటెక్ట్' అన్న ఒక్క మాట వ్రాసుకొనదలిస్తే మాత్రం పార్లమెంటు చేసిన ఒక ప్రత్యేక చట్టం అడ్డు వస్తుంది. ఆ మాటను వాడుకొనే హక్కు జాతీయ స్థాయి పట్టికలో పేరు నమోదైనవారికే ఉన్నది. పని అందరిదీ, పేరు కొందరిదీ అన్నట్లు కనిపించే ఈ ఏర్పాటు విచిత్రంగా తోచవచ్చు. ఈ ఏర్పాటును సరిగా అర్థం చేసికొనకపోవడం వల్ల నష్టపోయేది ముఖ్యంగా విద్యార్థులు. గుర్తింపు లేని కళాశాలలో చేరి, ఐదేళ్ళు చదివి, పట్టా చేతికి వచ్చిన తరువాత అది నమోదుకు పనికిరాదని తెలిసికొనడం కంటె దుఃఖకరమైనది మరొకటి ఉండదు. కనుక ఈ వృత్తిలో ప్రవేశించదలచినవారు చిత్రలేఖనం అభ్యసించడానికి ముందే ఈ చట్టం సంగతి కొంత తెలిసికొనడం మంచిది.

ముందుగా మాట గురించి ఒక మాట. ఈ చట్టానికి హిందీలో 'వాస్తువిద్ అధినియమ్' అని పేరు. దానిని అమలు జరిపే మండలి పేరు 'వాస్తుకలా పరిషద్'. వీటిని యథాతథంగా తెలుగులోకి తెస్తే అర్థం దారి తప్పుతుంది. తెలుగునాట 'వాస్తు' అనగానే ఈశాన్యం పెరిగిందా, వంటిల్లు ఆగ్నేయంలో ఉన్నదా, వీధిపోటు తగులుతున్నదా అని చూసే విద్య గుర్తుకు వస్తుంది. 'శిల్పి' అంటే విగ్రహాలు చెక్కేవాడు; 'స్థపతి' అంటే ఆలయ నిర్మాత. 'వాస్తుశిల్పి' అని పత్రికలు వ్రాస్తున్నప్పటికీ, ఇల్లు కట్టించుకొనే గృహస్థు మాత్రం 'ఆర్కిటెక్టును పెట్టుకొన్నాం' అనే అంటాడు. ఈ వ్యాసంలో ఆ మాటనే ఉంచడమైనది. చట్టం కాపాడుతున్నది కూడా సరిగ్గా ఆ మాటనే కాబట్టి దానిని మార్చడం ఉచితం కాదు.

చట్టానికి పూర్వం

ఆధునిక పద్ధతిలో ఆర్కిటెక్టులను తయారు చేసే విద్య మన దేశంలో ప్రధానంగా బొంబాయిలోని సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో వేళ్ళూనుకొన్నది. అక్కడ చదువుకొన్నవారు 1917లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. అదే 1922లో బొంబాయి ఆర్కిటెక్చరల్ అసోసియేషన్‌గాను, 1929లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్‌గాను రూపొందింది. సంఘానికి సభ్యులను చేర్చుకొనే అధికారం ఉన్నది గాని, సభ్యుడు కానివానిని ఆ పేరు వాడవద్దని శాసించే అధికారం లేదు. ఫలితంగా ఎవరైనా గది అద్దెకు తీసికొని, ఒక బల్ల, కొన్ని కాగితపు చుట్టలు పెట్టుకొని ఆర్కిటెక్టునని బోర్డు కట్టుకొనడానికి వీలుండేది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత నిర్మాణ కార్యక్రమాలు ఒక్కసారిగా విస్తరించినవి. చండీగఢ్ వంటి కొత్త రాజధాని, భిలాయి, రూర్కెలా వంటి ఉక్కు నగరాలు, ప్రభుత్వోద్యోగుల కాలనీలు, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు ఒకదాని వెంట ఒకటి లేచినవి. ఇంత పని పుట్టిన చోట అర్హత లేనివారు కూడా పుట్టుకొని రావడం సహజమే. చట్టం ప్రతిపాదించినప్పుడు దాని ఉద్దేశాలను వివరిస్తూ ప్రభుత్వం చెప్పిన కారణం ఇదే. అర్హత లేనివారు ఆర్కిటెక్టులమని చెప్పుకొంటూ నిర్మింపజేసే భవనాలు ఖర్చు ఎక్కువై, పలు సందర్భాలలో ప్రమాదకరంగా పరిణమిస్తూ, వృత్తికే చెడ్డపేరు తెస్తున్నవని ఆ ప్రకటన సారాంశం. దానితోపాటే మరొక విషయం కూడా స్పష్టంగా చెప్పడం జరిగింది. ఈ చట్టం పేరుకు రక్షణ కల్పిస్తుందే తప్ప, భవనాలను రూపకల్పన చేసి పర్యవేక్షించే పనిని ఆర్కిటెక్టులకు మాత్రమే కట్టబెట్టదు. ఇంజనీర్లు మొదలైనవారు ఆర్కిటెక్టులమని చెప్పుకొననంతవరకు తమ పని తాము చేసికొనవచ్చు.

1972 నాటి 20వ చట్టంగా వెలువడిన ఆర్కిటెక్ట్స్ చట్టం ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. (ఆ సంవత్సరంలోనే హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడి, అక్కడి లలితకళల, ఆర్కిటెక్చర్ ప్రభుత్వ కళాశాల దానిలో భాగమైనది.) చట్టం కింద ఏర్పడిన మండలి పేరు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్. ఇందులో ఆర్కిటెక్టుల సంఘం ఎన్నుకొన్నవారు, ఆర్కిటెక్చర్ కళాశాలల అధిపతులు, రక్షణ, రైల్వే శాఖల ముఖ్య ఆర్కిటెక్టులు, ప్రతి రాష్ట్రం నుంచి ఒక ఆర్కిటెక్ట్, ఇంజనీర్ల సంస్థ ప్రతినిధులు సభ్యులుగా ఉంటారు.

పాతవారి విషయంలో చట్టం ఉదారంగా వ్యవహరించింది. పట్టా లేకపోయినా, మొదటి పట్టిక కోసం నిర్ణయించిన తేదీకి ముందు కనీసం ఐదేళ్ళు ఆర్కిటెక్టుగా వృత్తి సాగించిన భారత పౌరులకు నమోదు అవకాశం కల్పించింది. కార్యాలయాలలో పెద్దల చేతికింద గీతలు గీస్తూ పని నేర్చుకొన్న తరానికి ఈ విధంగా గౌరవం దక్కింది. ఆ తలుపు ఒక్కసారి మాత్రమే తెరచుకొన్నది. ఆ తరువాతివారు గుర్తింపు పొందిన పట్టాతోనే రావలసి ఉన్నది.

పేరుకు కాపలా

చట్టంలోని 37వ సెక్షను అన్నిటికంటె ప్రసిద్ధమైనది. నమోదు కానివారు ఆర్కిటెక్ట్ అన్న బిరుదును, హోదాను వాడరాదని అది నిషేధించింది. మొదటిసారి నేరం రుజువైతే 500 రూపాయల వరకు జరిమానా, మళ్ళీ చేస్తే ఆరు నెలల వరకు జైలు లేదా 1,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ అని చట్టం చేసినప్పుడు నిర్ణయించారు. 1972లో 500 రూపాయలు చిన్న మొత్తం కాదు గాని, ధరలు పెరుగుతుంటే జరిమానా అంకె పెరగదు గదా. నౌకలను రూపొందించే 'నేవల్ ఆర్కిటెక్ట్', ఉద్యానాలను, బహిరంగ స్థలాలను రూపొందించే 'లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్' అన్న పేర్లకు మినహాయింపు ఇచ్చారు. విదేశీ ఆర్కిటెక్ట్ ఒక నిర్దిష్టమైన నిర్మాణం కోసం కేంద్ర ప్రభుత్వపు ముందస్తు అనుమతితో వచ్చి పని చేయడానికి కూడా వీలు కల్పించారు. కంప్యూటరు రంగంలో 'సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్' అని వ్యవహరించుకొనేవారు మాత్రం ఆనాటి శాసనకర్తల ఊహకు అందలేదు.

ఈ నిషేధం పేరుకేనా, పనికి కూడానా అన్న వాదం న్యాయస్థానాలలో చాలాకాలం నడిచింది. నోయిడా ప్రాధికార సంస్థలో 'అసోసియేట్ ఆర్కిటెక్ట్' అనే ఉద్యోగానికి సంబంధించిన వివాదంలో సుప్రీంకోర్టు 2020 మార్చి 17న తీర్పు చెప్పి ఈ చర్చకు ముగింపు పలికింది. నమోదు కానివారు రూపకల్పన, పర్యవేక్షణ వంటి పనులు చేయడాన్ని 37వ సెక్షను నిషేధించదు. ఆ పేరు పెట్టుకొనడాన్ని మాత్రమే నిషేధిస్తుంది. అయితే నమోదు కాని వ్యక్తిని నియమించే ఉద్యోగానికి 'ఆర్కిటెక్ట్' అని పేరు పెట్టడం కూడా కూడదు. అట్టి ఉద్యోగం పేరును మార్చవలసిందేనని న్యాయస్థానం చెప్పింది.

వృత్తిలో ఉన్నవారు పలువురు ఈ తీర్పుకు చిన్నబుచ్చుకొన్నారు. వైద్యం నమోదైన వైద్యుడే చేయాలి, కోర్టులో వాదన న్యాయవాదే చేయాలి అని ఉన్నప్పుడు భవనం గీయడం ఆర్కిటెక్టు పని ఎందుకు కాకూడదని వారి ప్రశ్న. ఈ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. కాని మన దేశంలో ఇళ్ళలో ఎక్కువ భాగం ఎట్లా లేస్తున్నవో చూస్తే శాసనకర్తల జాగ్రత్త అర్థమవుతుంది. పల్లెలో రసమట్టం, మూలమట్టం పట్టుకొన్న మేస్త్రి, యజమానితో కలిసి నేల మీద సున్నంతో గీత గీసి పునాది తీయిస్తాడు. ఆలయం కట్టే స్థపతికి పరంపర ఉన్నది గాని విశ్వవిద్యాలయ పట్టా ఉండదు. పనినే చట్టం కొందరికి కట్టబెట్టి ఉంటే వీరందరూ ఒక్క పూటలో నేరస్థులయ్యేవారు. బ్రిటన్‌లో 1930లలో మొదలైన ఆర్కిటెక్టుల నమోదు చట్టాలు కూడా పేరునే కాపాడినవి, పనిని కాదు.

ఈ ఏర్పాటు వల్ల ఒక భారం మాత్రం ఆర్కిటెక్టు పేరు మీద పడుతున్నది. ఎవరైనా గీయగల నక్షాను ఈ పేరున్న వ్యక్తి దగ్గరకే ఎందుకు తీసికొని పోవాలి? ఆ పేరు వెనుక ఫలానా చదువు, ఫలానా శిక్షణ, తప్పు చేస్తే అడిగే ఒక మండలి ఉన్నవన్న నమ్మకంతోనే. ఆ నమ్మకం నిలవాలంటే చదువు గట్టిదై ఉండాలి. ముఖ్యంగా మన దేశంలో పట్టా పుచ్చుకొన్న తరువాత నమోదుకు ముందు వేరుగా జాతీయ పరీక్ష ఏదీ ఈ చట్టంలో లేదు. కళాశాల ఇచ్చిన పట్టాయే ప్రమాణం. వడపోత యావత్తూ కళాశాలలోనే జరగాలి.

విద్యార్థి నడవవలసిన దారి

ఐదేళ్ళ బి.ఆర్క్. పట్టాకు ప్రవేశం రెండు ప్రధాన పరీక్షల ద్వారా జరుగుతుంది. కౌన్సిల్ 2006 నుంచి నిర్వహిస్తున్న నాటా ఒకటి. జాతీయ స్థాయి జె.ఇ.ఇ. మెయిన్‌లో ఆర్కిటెక్చర్ కోసం ఉన్న రెండవ పేపరు మరొకటి. ఖరగ్‌పూర్, రూర్కీ, వారణాసి ఐ.ఐ.టి.లలో చేరదలచినవారు జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ తరువాత అభిరుచి పరీక్ష వేరుగా వ్రాయవలసి ఉంటుంది. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండడం ముఖ్యం. మార్కుల శాతం, ఇతర విషయాల గురించిన నిబంధనలు కొన్నిసార్లు మారినవి కాబట్టి పాత గైడును నమ్మక ఆ ఏటి సమాచార పుస్తకాన్నే చూడాలి. ఈ పరీక్షలలో పరిశీలించేది బొమ్మ అందాన్ని కాదు. మూడు కొలతల వస్తువును మనసులో తిప్పి చూడగలడా, తన ఊరి బస్టాండును జ్ఞాపకం నుంచి గీస్తే మనుషుల ఎత్తుకు, పైకప్పు ఎత్తుకు పొంతన కుదురుతున్నదా అన్నవి చూస్తారు. వీటికి శిక్షణ కేంద్రం కంటె, జేబులో పెట్టుకొన్న చిన్న నోటుపుస్తకం, పెన్సిలు ఎక్కువ సాయపడతాయి.

కళాశాల ఎన్నిక అసలైన మలుపు. ఆర్కిటెక్చర్ విద్య విషయంలో సాంకేతిక విద్యామండలి ప్రమాణాలు వర్తిస్తాయా, కౌన్సిల్ ప్రమాణాలా అన్న వివాదంలో 2019 నవంబరు 8న సుప్రీంకోర్టు కౌన్సిల్ వైపు తీర్పు చెప్పింది. కనుక విద్యార్థి అడగవలసిన మొదటి ప్రశ్న, 'ఈ విద్యా సంవత్సరానికి ఈ కళాశాలకు కౌన్సిల్ ఆమోదం ఉన్నదా?' అన్నది. కళాశాల గోడ మీది బోర్డునుబట్టిగాని, ప్రకటనను బట్టిగాని దీనికి జవాబు నమ్మరాదు. ఆమోదం పొందిన సంస్థల పట్టికను, ఒక్కొక్కదానిలో ఎన్ని సీట్లకు అనుమతి ఉన్నదన్న వివరాన్ని కౌన్సిల్ ప్రకటిస్తుంది. సీట్ల సంఖ్యను మించి చేర్చుకొన్నవారి గతి గురించి కూడా ఆలోచించాలి. తెలుగువారికి చేరువలో విజయవాడలో 2008లో ఏర్పడిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ కేంద్ర సంస్థ. హైదరాబాదులో పాత లలితకళల, ఆర్కిటెక్చర్ కళాశాల వారసత్వంతో 2008లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం ఏర్పడింది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను ఈ శాఖ ఉన్నది.

ఐదేళ్ళ చదువులో నిజమైన పాఠశాల 'స్టూడియో' అనే గది. అక్కడ ఉపన్యాసం తక్కువ. ఒక స్థలం, ఒక అవసరం ఇస్తారు: వాగు ఒడ్డున ఒక ప్రాథమిక పాఠశాల అనుకొందాం. విద్యార్థి ఆ స్థలానికి వెళ్ళి, ఎండ ఎటునుంచి పడుతున్నదో, వానాకాలంలో నీరు ఎంతవరకు వస్తుందో, పిల్లలు ఏ దారిన నడిచి వస్తారో చూసి, కాగితం మీద ఒక పరిష్కారం తెస్తాడు. ఉపాధ్యాయుడు దానిలోని లోపాలు చూపుతాడు. మళ్ళీ గీస్తాడు. ఇట్లా పదిసార్లు గీసిన తరువాత గోడకు అతికించి, పదిమంది ముందు నిలబడి సమర్థించుకొనాలి. రాత్రుళ్ళు మేలుకొని అట్టలతో నమూనాలు చేసే ఈ పద్ధతిని చూసి తలిదండ్రులు కంగారు పడడం కద్దు. నిర్మాణ సామగ్రి, ఇనుము, కాంక్రీటు బలం, నీటి, విద్యుత్ సౌకర్యాలు, చరిత్ర, అంచనాల తయారీ పక్కపక్కనే నడుస్తాయి.

అందులో ఒక సెమిస్టరు ఆర్కిటెక్టు కార్యాలయంలో శిక్షణకు కేటాయించి ఉంటుంది. 1983 నాటి విద్యా ప్రమాణాల నిబంధనలలో ఉన్న ఈ ఏర్పాటును, వాటి స్థానంలో వచ్చిన 2020 నిబంధనలు కూడా కొనసాగించినవి. ఇవి 2020 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చినవి. ఈ సెమిస్టరును నామమాత్రంగా గడిపి ధ్రువపత్రం తెచ్చుకొనేవారు తమకు తామే అన్యాయం చేసికొంటున్నారు. కళాశాలలో మెట్లు గీయడం వేరు. నివాస గృహంలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించరాదని, పాదం ఆనే వెడల్పు 250 మిల్లీమీటర్లకు తగ్గరాదని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెప్పినదాన్ని, తీరా సెంట్రింగు కొట్టే చోట రెండంగుళాలు తగ్గిందని మేస్త్రి పిలిచి చూపినప్పుడు ఏం చేయాలో నేర్వడం వేరు. చక్రాల కుర్చీలో వచ్చేవారి కోసం వాలుదారి పెట్టాలంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు కావాలి. ఆ పన్నెండడుగులు స్థలంలో ఎక్కడినుంచి తేవాలో కార్యాలయంలోనే తెలుస్తుంది.

ఈ శిక్షణ ఎందుకు ముఖ్యమో చెప్పడానికి 2001 జనవరి 26 నాటి కచ్ భూకంపాన్ని గుర్తు చేసికొనాలి. భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహమ్మదాబాదులో అనేక బహుళ అంతస్తుల భవనాలు కూలి, వందలాదిమంది మరణించారు. పరిశీలించిన నిపుణులు పదేపదే చూపిన లోపం ఒకటి ఉన్నది. కార్లు నిలుపుకొనడానికి నేల అంతస్తును గోడలు లేకుండా పిల్లర్ల మీద వదలివేసి, పై అంతస్తులలో మాత్రం ఇటుక గోడలు నింపారు. పై భాగం పెట్టెలాగా బిగుసుకొని కదలగా, దానిని మోసే పిల్లర్లు ఒక్కసారిగా వంగి విరిగినవి. కార్లకు చోటు కావాలన్నది నక్షాలో తీసికొన్న నిర్ణయం. పిల్లర్లకు ఎంత ఇనుము కావాలన్నది ఇంజనీరు లెక్క. ఆ ఇనుము నిజంగా పడిందా అన్నది పర్యవేక్షణ. ఈ మూడింటి మధ్య సంబంధం తెగినచోట ప్రాణాలు పోతాయి. ఆ తరువాత 2006లో గుజరాత్ రాష్ట్రం సివిల్ ఇంజనీర్ల నమోదుకు ప్రత్యేక చట్టం చేసింది. మన నగరాలలోను ఇదే విధంగా పిల్లర్ల మీద లేచిన అపార్టుమెంట్లు వీధివీధినా కనిపిస్తూనే ఉన్నవి.

పురపాలక అనుమతుల పద్ధతి కూడా మారుతున్నది. చిన్న ఇళ్ళకు అధికారి ముందుగా వచ్చి చూడనక్కరలేకుండా, స్వయం ధ్రువీకరణ మీదనే వెంటనే అనుమతి ఇచ్చే విధానాన్ని తెలంగాణ 2020లో చట్టం ద్వారా ప్రవేశపెట్టింది. ప్రజలకు తిరుగుడు తప్పినందుకు సంతోషించవలసినదే. కాని పరిశీలించే రెండవ కన్ను తగ్గినప్పుడు మొదటి కన్ను, అనగా నక్షా తయారు చేసిన వృత్తినిపుణుని కన్ను, మరింత మెలకువగా ఉండక తప్పదు.

నమోదు, ఆ తరువాత

పట్టా చేతికి రాగానే నమోదు దానంతట అది జరగదు. పట్టా, ఇతర ధ్రువపత్రాలతో రుసుము చెల్లించి కౌన్సిల్ రిజిస్ట్రారుకు దరఖాస్తు చేసికొనాలి. తిరస్కరిస్తే మూడు నెలలలోగా కౌన్సిలుకు అప్పీలు చేసికొనే హక్కు చట్టమే ఇచ్చింది. ఆమోదం లభించినవారికి ఒక సంఖ్య వస్తుంది. 'సి.ఎ.' అన్న అక్షరాలు, నమోదైన సంవత్సరం, వరుస సంఖ్య అందులో ఉంటాయి. ఆర్కిటెక్టు దగ్గరకు పోయే గృహస్థు కూడా ఈ సంఖ్యను అడిగి, కౌన్సిల్ పట్టికలో సరిచూసికొనవచ్చు. అడగడానికి మొహమాటపడనక్కరలేదు. గడువు లోపల రుసుము చెల్లించి నమోదును పునరుద్ధరించుకొనకపోతే పేరు పట్టికనుంచి తొలగిపోతుంది. మళ్ళీ చేర్పించుకొనే వీలున్నప్పటికీ, ఆ మధ్యకాలంలో తన పేరు కింద ఆ మాట వ్రాసుకొనడం చట్ట విరుద్ధమే.

నడవడి గురించి 1989 నిబంధనలు ఉన్నవి. పని కోసం కమీషన్లు, కానుకలు ఇవ్వరాదు. మరొక ఆర్కిటెక్టు చేతిలో ఉన్న పనిని కిందినుంచి లాగికొనరాదు. తన సేవలను వ్యాపార ప్రకటనలతో చాటుకొనరాదు. కంపెనీ పేరు చాటున దాగి ఈ బాధ్యతలనుంచి తప్పుకొనరాదు. సిమెంటు, టైల్సు అమ్మేవారినుంచి లోపాయికారీగా ముడుపులు పుచ్చుకొనే అలవాటు నిర్మాణ రంగంలో ఎంత పాతదో తెలిసినవారికి వీటి విలువ అర్థమవుతుంది. ఫిర్యాదు రుజువైతే మందలింపు మొదలు పట్టికనుంచి పేరు కొట్టివేయడం వరకు కౌన్సిల్ శిక్ష విధించవచ్చు.

పొరుగు దేశాలలో

శ్రీలంకలో ఆర్కిటెక్టుల సంస్థకు 1976లో ప్రత్యేక శాసనం చేశారు. అక్కడ మూడు భాగాల పరీక్షలు ఉన్నవి. చివరిది వృత్తి నిర్వహణకు సంబంధించినది. ఆ దేశపు ఆర్కిటెక్టులలో అగ్రగణ్యురాలైన మిన్నెట్ డి సిల్వా బొంబాయిలో చదువుకొని, ఆ తరువాత లండన్ వెళ్ళి, 1948లో బ్రిటిష్ ఆర్కిటెక్టుల రాయల్ ఇన్‌స్టిట్యూట్‌లో అసోసియేట్ అయిన మొదటి ఆసియా మహిళగా ప్రసిద్ధికెక్కారు. పాకిస్తాన్ 1983 ఆర్డినెన్సుతో ఆర్కిటెక్టులను, పట్టణ ప్రణాళికా నిపుణులను ఒకే మండలి కిందికి తెచ్చింది. నేపాల్‌లో ఇంజనీరింగు మండలియే ఆర్కిటెక్టులను కూడా నమోదు చేస్తుంది. ఒకే ఉపఖండంలో, ఒకే రకమైన ఎండావానలకు ఇళ్ళు కట్టే దేశాలు ఈ వృత్తిని ఇన్ని విధాల గుర్తిస్తున్నవి.

పై చదువులకు, ఉద్యోగాలకు అమెరికా వెళ్ళే తెలుగు యువతీయువకులు ఒక విషయం ముందే గ్రహించాలి. మన నమోదు సంఖ్య అక్కడ చెల్లదు. అక్కడ లైసెన్సు ఇచ్చేది రాష్ట్రాలు. 1897లో ఇల్లినాయి రాష్ట్రంతో ఆరంభమైన పద్ధతి ఇది. మన పట్టాను వారి ప్రమాణాలతో పోల్చి మదింపు చేయించుకొనాలి. ఆ పైన నిర్దేశించిన రంగాలలో 3,740 గంటల పని అనుభవం నమోదు చేసికొనాలి. ఆ తరువాత ఆరు భాగాల పరీక్ష: కార్యాలయ నిర్వహణ, పథక నిర్వహణ, స్థల విశ్లేషణ, రూపకల్పన, నిర్మాణ పత్రాల తయారీ, నిర్మాణ దశ పరిశీలన. ఒక భాగంలో ఉత్తీర్ణులైనవారు ఐదేళ్ళలో మిగిలినవి పూర్తి చేయకపోతే మొదటిది రద్దయ్యే పాత నియమాన్ని 2023లో తొలగించారు. ఉద్యోగం చేసికొంటూ, పిల్లలను పెంచుకొంటూ పరీక్షలు వ్రాసేవారికి ఇది పెద్ద ఊరట. కొన్ని రాష్ట్రాల ఆచరణలో తేడాలు ఉంటాయి కాబట్టి ఏ రాష్ట్రంలో ఉండదలచారో ఆ రాష్ట్రపు మండలి నిబంధనలు చూసికొనాలి. చదువుకొనేందుకు పోయేవారు, అక్కడి నుంచి తెచ్చే పట్టా మన దేశంలో నమోదుకు గుర్తింపు పొందినదో లేదో బయలుదేరకముందే కౌన్సిలును వ్రాతపూర్వకంగా అడగడం ఉత్తమం.

గ్రంథాలయాలు ఈ విషయంలో చేయగల సాయం చాలా ఉన్నది. 1972 చట్టం పాఠం, 1989 నడవడి నిబంధనలు, 2020 విద్యా ప్రమాణాల నిబంధనలు కలిపి కుట్టినా పలుచని పుస్తకమే అవుతుంది. 1970లో మొదట వెలువడి 2016లో సవరణ పొందిన జాతీయ భవన నిర్మాణ స్మృతి సంపుటాలు ఖరీదైనవే. కనీసం జిల్లా కేంద్రంలోని కళాశాల గ్రంథాలయం వాటిని ఉంచడం సమంజసం. ప్రతి ఏటా కౌన్సిల్ ప్రకటించే ఆమోదిత కళాశాలల పట్టికను ముద్రించి, ఇంటర్మీడియట్ విద్యార్థులు దరఖాస్తులు పెట్టుకొనే వేసవి నెలలలో సూచనల పలక మీద అతికించి, ఏ తేదీ నాటిదో దాని కింద వ్రాసి ఉంచాలి. పాత పట్టికను అదే రోజున తీసివేయాలి.